ఓరెన్ టకెట్ నడుముకు కుదిరిన ఒర

ఓరెన్ టకెట్‌కు పిస్తోళ్ల మీద ఏనాడూ మోజు లేదు. టెక్సస్‌లో పుట్టి పెరిగిన మగవాడు ఈ మాట పైకి అంటే నలుగురూ అదోలా చూస్తారు కనక అతను ఎవరితోనూ అనలేదు. జింకల వేట రోజుల్లో రైఫిలు పట్టుకుని పొదల్లో కూర్చోవడం వేరు, ఆదివారం ఉదయం నడుముకు పిస్తోలు తగిలించుకుని కీర్తనలు పాడటం వేరు అని అతని అభిప్రాయం. కానీ మా మెస్కీట్ ఫోర్డ్ బాప్టిస్టు చర్చి గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లకు గుడ్‌మార్నింగ్ చెప్పాలంటే పిస్తోలు ఉండి తీరాలన్న నిబంధన ఒకటి వచ్చిపడింది. ఆ గుమ్మం వదులుకోవడం ఓరెన్ వల్ల కాదు.

ఎందుకు కాదో చెప్పాలి. ఉద్యోగం చేసినన్నాళ్లూ అతను పోస్టు బండి తోలాడు. ఊరి చుట్టుపక్కల ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరి ఆవు ఈనిందో, ఎవరి కూతురు అలిగి పుట్టింటికి వచ్చిందో అందరికంటే ముందు అతనికే తెలిసేది. రిటైరైన మర్నాటి నుంచి ఒక్క కబురు కూడా అందలేదు. ఇంట్లో కూర్చుని కిటికీలోంచి కొత్త పోస్టుమాన్ బండి వెళ్లిపోవడం చూస్తుంటే ఏడుపొచ్చినంత పనయ్యేది. చర్చి గుమ్మంలో మాత్రం ఊరంతా అతని చేతుల మీదుగానే లోపలికి వెళ్లేది. చెయ్యి కలిపి, మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగి, చెప్పే జవాబు నిజంగా వినేవాడు. వారానికి ఆ ఒక్క పూట అతను మళ్లీ పాత ఓరెన్ అయ్యేవాడు.

ఎక్కడో ఏదో చర్చిలో ఘోరం జరిగిందని టీవీలో చూసి మా డీకన్లు, అంటే సంఘం పెద్దలు, సమావేశం పెట్టారు. టైర్ల షాపు హోలిస్ ప్రూయెట్ లేచి, మనల్ని మనమే కాపాడుకోవాలన్నాడు. హోలిస్ లేచాడంటే అతన్ని కూర్చోబెట్టగలవాడు మా ఊళ్లో లేడు. సమావేశం ముగిసేసరికి చర్చికి ఒక రక్షణ దళం, ఆ దళానికి హోలిస్ అనే కెప్టెన్ ఏర్పడిపోయారు. గాయక బృందంలోని మగవాళ్లంతా దళంలో చేరడంతో ఆ తరవాత మా పాటల్లో ఆడవాళ్ల గొంతులే మిగిలాయి. దళం చెవుల్లో పెట్టుకునే వైర్లు కూడా కొనుక్కుంది. మా చర్చిలో ఈ చివర తుమ్మితే ఆ చివర వినపడుతుంది. అయినా అంతా సవ్యంగా ఉందని ఒకరి చెవిలో ఒకరు వైర్లలోంచే చెప్పుకునేవారు.

అన్నిటికంటే కీలకమైన చోటు గుమ్మమని హోలిస్ తేల్చాడు. అక్కడ ఆయుధం లేని మనిషి పనికిరాడని, ఓరెన్‌కు ఇబ్బందైతే తన అల్లుడు ట్రేస్ నిలబడతాడని అన్నాడు. ట్రేస్ అప్పటికే నల్ల కళ్లద్దాలు కొనుక్కుని ఉన్నాడు.

మర్నాడే ఓరెన్ వెళ్లి పిస్తోలు కొనేశాడు. బూట్లు కొనడం కంటే తేలిగ్గా అయిపోయింది ఆ పని. బూట్ల కొట్టువాడైనా తొడుక్కుని రెండడుగులు వేసి చూసుకోమంటాడు.

అసలు తంటా ఆ పిస్తోలును ఒంటి మీద ఎక్కడ పెట్టుకోవాలన్న దగ్గర మొదలైంది. ఓరెన్‌కు పొట్ట ఉంది. ఒరల ప్రకటనల్లో కనిపించే మగవాళ్లెవరికీ పొట్ట ఉండదు, వాళ్లెవరూ కూర్చోరు కూడా. కుడి తుంటి మీద ఒర తగిలిస్తే, బెంచీ మీద కూర్చోగానే పిడి వచ్చి డొక్కలో పొడిచేది. ముందుకు జరిపితే పొట్ట బరువంతా దాని మీద పడి, గొట్టం తొడ మొదట్లో గుచ్చుకునేది. వెనక్కి జరిపితే కారు నడుపుతున్నంతసేపూ నడుము కింద ఇటుక పెట్టుకున్నట్టుండేది. చీలమండకు కట్టుకునేది కూడా తెచ్చాడు గానీ, వంగి దాన్ని అందుకునేలోపు పాస్టరు ప్రసంగం పూర్తయిపోయేలా ఉంది. ఆఖరికి చంక కింద వేలాడే పట్టీల ఒర తెచ్చి, అద్దం ముందు నిలబడి బిగించుకోలేక అవస్థ పడుతుంటే భార్య వెర్లీన్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని చూసింది.

"నాకూ బీరువా నిండా ఇలాంటివే ఉన్నాయి," అంది. "నలభై ఏళ్లు వెతికాను, సుఖంగా ఉన్నది ఒక్కటీ దొరకలేదు. నువ్వు నయం, విప్పేసి తిరిగినా నిన్నెవరూ ఏమనరు."

ఇక్కడ మా ఊరి గుట్టు ఒకటి బయటపెట్టాలి. మా మగవాళ్లు ప్రతి ఒక్కరి ఇంట్లోనూ పనికిరాని ఒరలతో నిండిన సొరుగు ఒకటి ఉంటుంది. ఏ ఒక్కరూ తన ఒర తనకు బాధగా ఉందని ఒప్పుకోరు. పైగా పొద్దున్నే పెట్రోలు బంకులో కాఫీ తాగుతూ, ఇది నాకు ప్రాణంలా కుదిరింది, కావాలంటే నువ్వు వాడి చూడు అని పక్కవాడికి అంటగడతారు. ఆ పక్కవాడు నెల్లాళ్లు ఓర్చుకుని అదే మాటతో ఇంకొకడికి అంటగడతాడు. అలా తిరిగి తిరిగి అవన్నీ చర్చి పాత సామాన్ల అమ్మకంలో ఒక బల్ల మీదికి చేరతాయి. అక్కడ ఎవరిది వాళ్లే గుర్తుపట్టకుండా మళ్లీ కొనుక్కున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

అలా సంపాదించిన ఒరలతోనే ఓరెన్ చర్చికి వెళ్తూ వచ్చాడు. మౌన ప్రార్థన జరుగుతుంటే అతని కొత్త తోలు కిర్రుమనేది. కిర్రుమనకుండా కదిలితే పిడి పొడిచేది, పొడవకుండా ఒరిగితే పక్కనున్న ముసలావిడ మీద పడేవాడు. పిస్తోలు బరువుకు ప్యాంటు జారుతోందని ఒక సైజు తక్కువది వేసుకుంటే ఊపిరాడలేదు, ఒక సైజు ఎక్కువది వేసుకుంటే ప్రభు భోజనం బల్ల దగ్గరికి వెళ్తున్నప్పుడు సంఘం అంతా చూడకూడనిది చూసేంత పనైంది. ఆ రోజు ప్రార్థన అయ్యాక హోలిస్ అతన్ని పక్కకు పిలిచాడు. హోలిస్ మాత్రం తన ఒర తన ఒంట్లో భాగమైపోయిందని చెప్పుకుంటాడు. అలా చెబుతున్నప్పుడు కూడా పిస్తోలు డొక్కకు ఆనకుండా కుడిచేత్తో పిడిని ఎడంగా నొక్కిపట్టుకునే ఉంటాడు, బెంచీ మీద ఒక పిర్ర మీదే కూర్చుంటాడు.

"ఓరెన్, నువ్వు మెలికలు తిరుగుతుంటే దళం పరువు పోతోందయ్యా. సంఘం వార్షికోత్సవం వస్తోంది. అప్పటికి కుదురుగా కూర్చోగలిగితే సరే. లేదంటే గుమ్మం ట్రేస్‌కి ఇచ్చెయ్. ఇందులో చిన్నతనం ఏం లేదు."

చిన్నతనం కాకపోతే మరేమిటో హోలిస్ చెప్పలేదు. ఓరెన్ బాధ పిస్తోలు గురించి కాదు, వార్షికోత్సవం తరవాత ఆదివారాలు ఎలా గడుస్తాయన్నదే. వెర్లీన్ అతని మొహం చూసి ఎగతాళి మానేసింది. గుర్రపు జీనులు కుట్టే డెల్ఫా దగ్గరికి వెళ్లి, ఒంటికి సరిపడా ఒకటి కుట్టించుకోమంది.

డెల్ఫాకు చెవుడు. గుర్రాలకూ గుర్రాలెక్కేవాళ్లకూ జీవితమంతా కొలతలు తీసిన మనిషి కనక మొహమాటం కూడా లేదు. ఓరెన్ చెప్పేది వినకుండానే అతన్ని ఒక స్టూలు మీద కూర్చోబెట్టి, పొట్ట చుట్టూ టేపు పెట్టింది. నిలబడేవాడికి ఒర ఎవడైనా కుడతాడని, ఇతను కూర్చునే మనిషని అరిచి చెప్పింది. ఆ తరవాత తోలును నీళ్లలో నానబెట్టి, అతని పిస్తోలు ఆకారంలోనే ఉన్న నీలం రంగు ప్లాస్టిక్ బొమ్మ మీద పరిచి, వేళ్లతో నొక్కుతూ నొక్కుతూ ఆ ఆకారమంతా తోలులోకి దింపింది. తడి తోలులో అసలు పిస్తోలు పెడితే తుప్పు పడుతుందని ఈ పని చేసేవాళ్లంతా బొమ్మలే వాడతారు. డెల్ఫా దగ్గరున్న బొమ్మకు పిడి లేదు. కుట్టు మిషనుకు అడ్డం తగులుతోందని ఆవిడే రంపంతో కోసేసింది.

తయారైన ఒరను ఆవిడ ఆ బొమ్మతో సహా ఇచ్చింది. తోలు ఇంకా పచ్చిగానే ఉంది కనక కొన్నాళ్లు బొమ్మను అందులోనే ఉంచి ఇంట్లో కట్టుకుని తిరగమని, నడుము వంపుకు అలవాటుపడ్డాక పిస్తోలు పెట్టుకోమని చెప్పింది.

ఓరెన్ దాన్ని కట్టుకుని కారెక్కాడు. ఏదీ పొడవలేదు. ఇంటికెళ్లి వాలు కుర్చీలో పడుకుంటే ఏదీ గుచ్చుకోలేదు. అలాగే నిద్రపోయాడు. వెర్లీన్ వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ప్రాణం ఉందని నమ్మకం కుదిరాక గానీ వంటింట్లోకి వెళ్లలేదు.

వార్షికోత్సవం దగ్గరపడ్డాక ఒకనాడు బొమ్మను తీసి అసలు పిస్తోలు పెట్టి చూసుకున్నాడు. బెల్టు కిందికి జారింది, పిడి వచ్చి సరిగ్గా పాత చోటనే పొడిచింది. ఓరెన్ మంచం అంచున కూర్చున్నాడు. తోలు ఇంకా పచ్చిగానే ఉందని డెల్ఫా అన్నది కదా అనుకున్నాడు. ఈ ఒక్క ఆదివారానికే అనుకున్నాడు. పిస్తోలును తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. బొమ్మ మళ్లీ ఒరలోకి, ఒర నడుముకు, చొక్కా వాటి మీదికి వచ్చాయి.

ఆదివారం ఉదయం గుమ్మం దగ్గర హోలిస్ అతన్ని వంగమన్నాడు, కూర్చోమన్నాడు, లేవమన్నాడు. చొక్కా మీంచి తడిమి చూసి, ఉన్నదో లేదో కూడా తెలియడం లేదని మెచ్చుకున్నాడు. ఓరెన్‌కు చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆ పూట అందరికీ చెయ్యి కలుపుతూ, అందరి మోకాళ్ల గురించీ అడుగుతూ అంత హాయిగా అతను చాలాకాలంగా లేడు. తప్పు చేస్తున్నానని తెలుసు. ఆ తప్పు సుఖంగానే ఉంది.

పాస్టరు కళ్లు మూసుకుని సుదీర్ఘ ప్రార్థనలో ఉండగా తలుపు తెరుచుకుంది. మా ఆగస్టు ఎండ ఎలాంటిదంటే కార్ల స్టీరింగులు చేత్తో ముట్టుకోలేం. ఆ ఎండలో ఒక కొత్త మనిషి మందపాటి ఉన్ని కోటుతో లోపలికి వచ్చాడు. కోటు వేసుకోలేదు, దేన్నో దానిలో చుట్టి గుండెలకు అదుముకున్నాడు. చుట్టినదాని చివర గుండ్రటి ఇనుప గొట్టం లాంటిది మెరుస్తోంది. మొహం కందిపోయి చెమటలు కారుతున్నాయి.

"పక్కకి జరగండి," అన్నాడు రొప్పుతూ. "టైం లేదు."

రక్షణ దళం లేచింది. లేచిందంటే లేవబోయింది. ఒక పిర్ర మీదే కూర్చోవడంతో హోలిస్‌కు కాలు తిమ్మిరెక్కి, రెండు బెంచీల మధ్య అడ్డంగా పడ్డాడు. అతని పిస్తోలు జారిపోయి పియానో వాయించే ఆవిడ కాళ్ల దగ్గర తేలింది. ట్రేస్ పిస్తోలును చొక్కా అంచుతో సహా పట్టుకుని లాగాడు, బొత్తాలు ఊడాయి గానీ అది రాలేదు. మూడోవాడు ఒక్క ఊపున బయటికి తీశాడు, తీరా చూస్తే ఒరతో సహా ఊడి వచ్చింది. చెవుల్లో వైర్లు ఉన్నవాళ్లంతా ఒకరి పేరు ఒకరు అరిచారు.

ఆ మనిషికి ఎదురుగా ఉన్నది ఓరెన్ ఒక్కడే. అతని చెయ్యి దానంతటదే నడుము మీదికి వెళ్లింది. పట్టుకోవడానికి అక్కడ పిడి లేదు. ఏం చెయ్యాలో తోచని చెయ్యి, ఏళ్ల తరబడి ఆ గుమ్మంలో చేసిన పనే చేసింది. ముందుకు చాపుకుంది.

"గుడ్‌మార్నింగండీ, నా పేరు ఓరెన్. ఏదో బరువు మోసుకొచ్చారు, నన్ను పట్టుకోమంటారా?"

"పీచ్ పళ్ల ఐస్‌క్రీం," అన్నాడు ఆ మనిషి ఏడుపు గొంతుతో. "చేత్తో తిప్పి చేశాను. దారిలో బండి ఆగిపోయింది. మీ ఫ్రిజ్ ఎక్కడుంది?"

అతని పేరు ఫ్లాయిడ్ కాసన్. భార్య పోయాక ఈ మధ్యే మా ఊరు వచ్చి, పాత డైరీ ఫారం పక్క ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాడు. వార్షికోత్సవానికి అందరూ ఏదో ఒకటి వండి తెస్తారని ఎవరో చెబితే, చల్లదనం పోకుండా ఆ గొట్టం లాంటి ఇనుప డబ్బాను కోటులో చుట్టి ఎండలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నం సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో అందరం ఆ ఐస్‌క్రీం తిన్నాం. కొంచెం కరిగింది గానీ రుచికి వంక పెట్టడానికి లేదు.

హోలిస్ కుంటుతూనే వచ్చి ఓరెన్ భుజం చరిచాడు. చూశారా, ఎంత నిబ్బరమో, పిస్తోలు మీద చెయ్యే వెయ్యలేదని అందరికీ చెప్పాడు. ఒర సుఖంగా ఉంటే మనసు కుదురుగా ఉంటుందని ఆ సాయంత్రానికల్లా ఒక సిద్ధాంతం తయారైంది. మర్నాడు పొద్దున డెల్ఫా గుమ్మం ముందు దళం అంతా బారు తీరి నిలబడింది. ఆవిడ ఒక్కొక్కరినీ స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి పొట్ట కొలత గట్టిగా అరిచి చెప్పింది.

గురువారం దళం సమావేశంలో హోలిస్ కొత్త ఏర్పాట్లు వివరించాడు. డెల్ఫా ఒరలు అందరికీ వచ్చేస్తాయి కనక ఇక ఎవరి పిస్తోలూ చిక్కుకోదు, జారిపోదు, మళ్లీ అలాంటి మనిషి తలుపు తీసుకుని వస్తే కనురెప్పపాటులో దళంలోని ఆరుగురి పిస్తోళ్లూ బయట ఉంటాయి అన్నాడు. ఆ తరవాత ఓరెన్‌ను లేచి, తన అనుభవం నలుగురికీ చెప్పమన్నాడు.

ఊరుకుంటే సరిపోయేది. గుమ్మం అతనిదే అయ్యేది, బహుశా కెప్టెన్ పదవి కూడా. లేచేదాకా ఊరుకుందామనే అనుకున్నాడు. కానీ ఆరు పిస్తోళ్లకూ ఎదురుగా కోటు హత్తుకుని నిలబడ్డ ఫ్లాయిడ్ మొహం అతని కళ్ల ముందునుంచి పోలేదు. బెల్టు విప్పి, ఒరను బల్ల మీద పెట్టి, అందులోంచి పిడిలేని నీలం బొమ్మను బయటికి తీశాడు.

"నిబ్బరం లేదు, గాడిద గుడ్డూ లేదు హోలిస్. చచ్చేంత భయమేసింది. చెయ్యి పిస్తోలు కోసమే వెళ్లింది. మొన్న ఇందులో అసలుది ఉండుంటే ఆ మనిషిని నేను చంపేసుండేవాణ్ణి. అందరూ మెచ్చుకుంటుంటే నాలుగు రోజుల్నించీ నాకు నిద్ర లేదు."

ట్రేస్ బొమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. హోలిస్ తన టోపీ వైపు చూస్తూ, మనసుకు కష్టంగానే ఉందన్నాడు. అయినా నిబంధన నిబంధనే అన్నాడు. వార్షికోత్సవం పూట గుమ్మంలో నిరాయుధుడు నిలబడ్డాడంటే సంఘం ఎంత ప్రమాదంలో పడిందో ఆలోచించమన్నాడు. ఓరెన్‌ను తప్పించాలన్నవాళ్లు చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. ఐస్‌క్రీం మీదికి పిస్తోళ్లు తియ్యబోయినవాళ్లంతా దళంలో ఉన్నారు, ఓరెన్ ఒక్కడికే గుమ్మం పోయింది. ఈ న్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ ఆదివారం ఓరెన్ ఇంట్లోనే ఉంటానన్నాడు. వెర్లీన్ ఒప్పుకోలేదు. చర్చి వంటింట్లో కాఫీ పెట్టే వంతు తనదని, బరువైన కెటిల్ ఎత్తడానికి మనిషి కావాలని లాక్కొచ్చింది. అతను వెనక వాకిలి తీసి కప్పులు తుడుస్తూ నిలబడ్డాడు. ముందు గుమ్మం వైపు చూడలేదు.

ఆ గుమ్మంలో ట్రేస్ ఉన్నాడు, నల్ల కళ్లద్దాలూ కొత్త ఒరా పెట్టుకుని, ఒర సర్దుకోవడానికి మాటిమాటికీ చెయ్యి నడుము మీద వేసుకుంటూ. ఫ్లాయిడ్ కాసన్ మెట్ల దాకా వచ్చి, ఆ చెయ్యి చూసి ఆగిపోయాడు. కాసేపు చర్చి గోడ చుట్టూ తిరిగి వంటింటి వాకిలి దగ్గర తేలాడు. ఓరెన్ తడిచేతిని ప్యాంటుకు తుడుచుకుని ముందుకు చాపి, బండి బాగుచేయించారా అని అడిగాడు. ఫ్లాయిడ్ అక్కడే నిలబడి బండి సంగతి, భార్య సంగతి, పీచ్ చెట్ల సంగతి చెప్పాడు. తరవాత బెంచీ మీద ఓరెన్ పక్కన కూర్చునే ముసలావిడ అటే వచ్చింది. ఆ తరవాత వారం గాయక బృందం వచ్చింది. చలికాలం వచ్చేసరికి ఊరంతా కాఫీ వాసన మీదుగా, ఓరెన్ చేతి మీదుగా వెనక వాకిట్లోంచే లోపలికి వెళ్తోంది. ముందు గుమ్మానికి కాపలా మాత్రం గట్టిగానే ఉంది. ఎవరూ అటు రావడం లేదు.

ఒక ఆదివారం హోలిస్ కూడా అటే వచ్చాడు. ఈ వాకిలిని తనిఖీ చెయ్యడానికి వచ్చానన్నాడు. ఎప్పటిలాగే అతని కుడిచెయ్యి పిడిని డొక్కకు ఎడంగా నొక్కిపట్టుకుని ఉంది. ఓరెన్ తన చెయ్యి చాపాడు. హోలిస్ ఆ చేతి వైపు చూశాడు, తన చేతి వైపు చూసుకున్నాడు. ఆఖరికి పిడి వదిలేసి చెయ్యి కలిపాడు. పిడి పొడిచినట్టుంది, పళ్లు బిగించాడు.

"కాఫీ పొయ్యనా?" అన్నాడు ఓరెన్. "అలా కూర్చో హోలిస్, మోకాలు ఎలా ఉంది?"

హోలిస్ చెయ్యి వదల్లేదు. గొంతు బాగా తగ్గించాడు.

"కూర్చోలేనురా ఓరెన్," అన్నాడు.